వాలు చూసి ఆపే బండి

చిత్తూరు బైపాసులో నా రేకుల షెడ్డు ముందర
రోడ్డు కొంచెం వాలి ఉంటుంది.
అందుకే వచ్చినాడు ఏకాంబరం,
నా పనితనం ఎవురో చెప్పి కాదు.

పంతొమ్మిదేళ్ల బండి.
నుదుటిన వెలిసిపోయిన గంగమ్మ,
వెనక పట్ట కింద తోతాపురి లోడు.
ఇంజను ఆపకుండానే దిగినాడు.
"ఆపితే మళ్లా నూకాల సామీ."
క్లీనరు మునెయ్య అప్పటికే
ముందు చక్రం కింద రాయి పెడతా ఉండాడు.

డీజిలుకు ఒక మొండితనం ఉండాది.
ఒక్కసారి లేచిందంటే
కరెంటు ఉన్నా లేకున్నా పోతానే ఉంటుంది,
నిప్పురవ్వ అడగదు,
తన ఒత్తిడికి తానే మండుకుంటుంది.
లేపేదే కష్టం.
రాత్రయితే ఇంకా కష్టం.

మొగిలి ఘాట్లో ఒక రాత్రి
హెడ్‌లైట్లు ఎర్రబడి, ఎర్రబడి
బీడీ నిప్పంత అయినప్పుడు
ముందు పోయే బస్సు వెలుగు పట్టుకోని
దాని వెనకే దిగినాడంట.
బంగారుపాళ్యంలో బస్సు నిలబడిపోతే
తానూ నిలబడి
తెల్లారేదాకా కాయల వాసనలో కూర్చున్నాడంట.

పుంగనూరులో బ్యాటరీలు రెండూ మార్చినారు.
నంగిలిలో డయోడు ప్లేటు.
రాణిపేటలో ఆల్టర్నేటరే కొత్తది ఎక్కించినారు.
బిల్లులు రబ్బరు బ్యాండు వేసి
అద్దం పైన చెక్కినాడు,
నా బొటనవేలంత మందం.

"స్టార్టయితానే ఎర్రబల్బు ఆరిపోతుంది గదా,
మరి ఛార్జింగు యాడికి పోతా ఉండాది?"

మా గఫూర్ సాబు అనేవాడు:
బల్బు తనకు తెలిసిందే చెప్తాది రా,
తెలియంది తీగను అడుగు.

మీటరు తీసినాను.
ఆల్టర్నేటరు దగ్గర ఇరవై ఎనిమిది పాయింటు రెండు.
బ్యాటరీ దగ్గర ఇరవై నాలుగు పాయింటు తొమ్మిది.
మళ్లా పెట్టి చూసినా అంతే.
"మూడు వోల్టుల పైన దారిలో ఎవురో తింటా ఉండారు" అన్నాను.
ఏకాంబరం నవ్వినాడు,
"కాయకూ అంతే గదా సామీ,
ఫ్యాక్టరీ గేటు కాడ ఒక రేటు,
తోట కాడికి పోయేసరికి ఒక రేటు."
మునెయ్య నవ్వలేదు.
వాళ్ల నాయనకు రెండెకరాల తోట ఉండాదంట.

ప్లస్సు తీగ వెంబడి పోయినాను.
పాయింటు రెండు. అది మామూలే.
ఇంక మిగిలింది ఎర్తు.
బ్యాటరీ పెట్టె కింద వెల్లకిల పండుకుంటే
మొహం మీద ఎండిన బురద రాలింది,
కాయల జీడి కారి తారు మాదిరి గట్టిపడింది.
ఆడ, ఛాసిస్‌కు బిగించిన పట్టీ.
స్పానరుకు గట్టిగానే ఉండాది.
విప్పితే
పట్టీకీ ఇనుముకూ నడాన
నిగనిగలాడతా నల్లరంగు.

"ఎఫ్‌సీకి ఎప్పుడు పోయింది బండి?"
"మాఘమాసంలో."
"ఛాసిస్‌కు రంగు కొట్టించినావా?"
"కొట్టించకుంటే పాస్ చేస్తారా?"
అని, ఆగిపోయినాడు.
వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు.

ఉప్పు కాగితం అరముక్క.
ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది
కొత్త రాగి పట్టీ వేసి
పైన వేలెడు గ్రీజు పూసినాను.
బ్యాటరీ దగ్గర మీటరు
ఇరవై ఏడు పాయింటు తొమ్మిది.
లైట్లు వేస్తే
ఆ మిట్టమధ్యాన్నం ఎండలో కూడా
షెడ్డు గోడ మీద రెండు గుండ్రాలు పడినాయి.

"ఎంత?"
"పట్టీతో కలిపి మూడు వందల యాభై."
"ఇంతేనా?"
సంతోషంతో అడగలేదు.
బిల్లుల కట్ట వైపు చూసి అడిగినాడు.
నేనేం చెప్పాల,
చెయ్యి కడుక్కుంటా ఉండిపోయినాను.

కార్తీకంలో బెల్లం లోడుతో మళ్లా వచ్చినాడు,
ఊరికే, టీ తాగను.
తాళం తిప్పి చూపించినాడు,
సగం తిప్పేలోగానే అందుకుంది.
మళ్లా ఆపేసినాడు.

బండి మాత్రం వాలు చూసే నిలిపినాడు.
మునెయ్య ఆ రాయే తెచ్చి పెట్టినాడు.
అంచులు అరిగి, గ్రీజు పట్టి,
చేతికి అలవాటైన రాయి.
"ఇంకా ఎందుకప్పా?" అంటే
ఏకాంబరం టీ ఊదుకుంటా
చక్రం వైపు చూసినాడు,
"ఉండనీ" అన్నాడు.